కుండమార్పిడి ఏడాది

హింటర్‌మాట్, ఎమెంటాల్
1956 అక్టోబరు 14

గౌరవనీయులైన శ్రీమతి మార్సెలిన్ దుబూ గారికి,

మీ అమ్మాయి ఇవెట్ నిన్న సాయంత్రం క్షేమంగా చేరింది. స్టేషన్ నుంచి మా ఇంటికి గంటన్నర నడక. కాళ్లకి పల్చటి బూట్లు, తలమీద ఈక పెట్టిన టోపీ. మా రెండేళ్ల ఉయెలి ఆ ఈకను చూసి కోడి వచ్చిందనుకుని గింజలు తెమ్మని గోల చేశాడు. ఆ పిల్ల నవ్వి టోపీ తీసి వాడి నెత్తిన పెట్టింది. అంతే, ఇద్దరికీ స్నేహం కుదిరిపోయింది. నా చెక్క అడుగుల బూట్లు ఒక జత ఇచ్చాను. వాటితో నడవడం ఇంకా రాలేదు, వస్తుంది.

మా పాస్టరమ్మగారు, మీ పాస్టరమ్మగారు కలిసి కుదిర్చిన ఏర్పాటు కాబట్టి మనం ఒకరినొకరు చూసుకోకుండానే పిల్లల్ని ఇచ్చిపుచ్చుకున్నాం. పదహారేళ్ల మీ పిల్ల మా ఉయెలిని చూసుకుంటూ జర్మన్ నేర్చుకుంటుంది. పదహారేళ్ల మా కేథి మీ నాలుగేళ్ల నినెట్‌ని చూసుకుంటూ ఫ్రెంచి నేర్చుకుంటుంది. జీతం మాట లేదు. కుండమార్పిడి సంబంధం లాంటిదే అనుకోండి, పెళ్లికొడుకులు లేరంతే. మా పిల్ల మీ ఇంట్లో ఎలా ఉంటే మీ పిల్ల మా ఇంట్లో అలా ఉంటుంది. సరికి సరి. ఈస్టర్ దాకా ఇద్దరూ ఇంటి ముఖం చూడకూడదన్న పద్ధతి మీకూ తెలిసే ఉంటుంది. మధ్యలో ఒకసారి చూస్తే బెంగ మళ్లీ మొదటికొస్తుంది.

నేనూ నా పదహారో ఏట మన దేశంలోనే ఫ్రెంచి మాట్లాడే మీ వైపు ఒక ఇంట్లో ఏడాది ఉన్నాను. అందుకే ఈ నాలుగు ముక్కలు మీ భాషలో రాయగలుగుతున్నాను. ఇరవై తొమ్మిదేళ్లు మూల పడేసిన భాష, తప్పులుంటే నవ్వుకోకండి.

కేథి పొద్దున ఏం తింటోంది? ఎక్కడ పడుకుంటోంది? దానికి నోరు తెరిచి అడగడం చేతకాదు.

ఇట్లు,
బెర్తా జావుగ్


కోర్నియెల్, లావో
1956 అక్టోబరు 23

ప్రియమైన బెర్తా గారికి,

మీ ఫ్రెంచి మా పాస్టరుగారి ఫ్రెంచి కంటే బాగుంది. ఆయనకి చెప్పకండి.

మీ కేథి పిల్ల కాదు, ఎడ్లబండి. ద్రాక్ష కోతల చివరి వారంలో వచ్చింది. ఇంటి నిండా కూలీలు, బుట్టలు, కందిరీగలు. మరుసటి రోజు నేను లేచేసరికి వీధి గుమ్మం మెట్లు పదకొండూ కడిగేసి ఉన్నాయి. ఎదురింటి ముసలాయన కిటికీలోంచి తొంగిచూసి, "ఏమమ్మా మార్సెలిన్, మీ జర్మను పిల్ల మెట్లకి కూడా తలంటు పోస్తోందా? పనిలో పని, నాకూ పోయమను!" అన్నాడు. ఊరంతా నవ్వింది. కేథి నవ్వలేదు. బకెట్ పట్టుకుని రెండో విడత మొదలుపెట్టింది.

నినెట్ దాని వెంటే తిరుగుతోంది, కొంగు వదలదు. కేథి పొద్దున రొట్టె, జామ్, పాలకాఫీ తీసుకుంటుంది. మేడమీద చిన్న గది ఇచ్చాం, కిటికీలోంచి సరస్సు కనిపిస్తుంది. మాట్లాడదు గానీ ఎవరూ లేరనుకున్నప్పుడు పాడుతుంది. ఆదివారం కింద ఊళ్లో పాటల బృందానికి పంపుతున్నాను. మీ వైపు పిల్లలు మరో ఆరుగురు ఉన్నారక్కడ.

ఒక్క మాట అడగనా? పొద్దున్నే బంగాళాదుంపలు పెడుతున్నారని ఇవెట్ రాసింది. రోజూనట. అది ఏదైనా పాడుపని చేస్తే శిక్ష వేయండి, నేను కాదనను. కానీ ఏం చేసిందో నాకు కూడా చెప్పండి.

మీ
మార్సెలిన్ దుబూ


హింటర్‌మాట్
1956 నవంబరు 9

శ్రీమతి దుబూ గారికి,

బంగాళాదుంపలు శిక్ష కాదు. పొద్దున వాటిని అట్టులా దోరగా కాల్చి పెనం తెచ్చి బల్ల మధ్యలో పెడతాను. మా ఆయన, నేను, ఉయెలి, మీ ఇవెట్ అందరం తలా ఒక చెంచాతో అందులోంచే తింటాం. మా తాతల కాలం నుంచీ ఇంతే. మీ అమ్మాయి చెంచా ఇప్పుడు అందరికంటే ముందు పెనంలో పడుతోంది.

కేథి ఉత్తరం నిన్న వచ్చింది. అరపేజీ. "రాత్రిపూట పాలకాఫీ, రొట్టె, చీజ్ తింటాము" అని రాసింది. తర్వాత ఇంకేమైనా ఉందేమోనని కాగితం వెనక్కి తిప్పి చూశాను. ఏమీ లేదు. సూప్ లేదు, మాంసం లేదు. పొద్దస్తమానం మీ మెట్లు కడిగే పిల్లకి రాత్రికి కాఫీయా? ఉత్తరం చివర "నేను బాగున్నాను" అని ఉంది.

మన ఒప్పందం మీకు గుర్తుండే ఉంటుంది. సోమవారం నుంచి ఇవెట్‌కి కూడా రాత్రికి కాఫీ, రొట్టె, చీజ్ పెడుతున్నాను. మీరు న్యాయం తెలిసినవారు, తప్పు పట్టరనుకుంటాను.

ఇట్లు,
బెర్తా జావుగ్


కోర్నియెల్
1956 నవంబరు 18

శ్రీమతి జావుగ్ గారికి,

తప్పు పడుతున్నాను. నిక్షేపంగా పడుతున్నాను!

రాత్రికి కాఫీ, రొట్టె, చీజ్ మా ఇంటిల్లిపాదీ తింటాం. నేను తింటాను, మా ఆయన తింటాడు, నినెట్ తింటుంది. మధ్యాహ్నం మాంసం, కూర, సూప్ అన్నీ ఉంటాయి. అది మీ అమ్మాయి రాయలేదా, రాసినా మీరు చదవలేదా? మా ఇంట్లో మీ పిల్లకి వేరే కంచం లేదు. మీరేం చేశారు? మీరంతా పందిమాంసం సూప్ జుర్రుతుంటే అదే బల్ల మీద నా కూతురి ముందు ఎండు రొట్టె పెట్టారు. మీ ఉయెలి తన చెంచాతో దాని నోటికి సూప్ అందిస్తుంటే మీరు వాడి చెయ్యి వెనక్కి లాగారట. దీన్నేమంటారు మీ వైపు?

ఇంకోటి. ఇవెట్ ఉత్తరం కవరుకి జిగురు రెండుసార్లు పూసి ఉంది. ఒకసారి నా కూతురు పూసింది. రెండోసారి ఎవరు పూశారు?

ఆదివారం కూడా దాన్ని బయటికి పోనివ్వడం లేదని తెలిసింది. పొద్దున చర్చి, మధ్యాహ్నం మళ్లీ చర్చి, సాయంత్రం మేజోళ్లు అల్లడం. మా వైపు పిల్లలు ముగ్గురు పక్క ఊళ్లోనే ఉన్నా కలవనివ్వరట. సరే. సరికి సరి అన్నది మీరేగా! కేథి కూడా ఇక ఆదివారాలు ఇంట్లోనే ఉంటుంది. పాటల బృందం మాన్పించేశాను. చెప్పినప్పుడు "అలాగేనండి" అంది. బృందం కోసం తోముకున్న బూట్లని విప్పి మళ్లీ తోమింది. నాకు గుండె కలుక్కుమంది. అలా అనిపించడానికి కారణం మీరు.

మార్సెలిన్ దుబూ


హింటర్‌మాట్
1956 డిసెంబరు 6

శ్రీమతి దుబూ గారికి,

అవును, కవరు నేనే తెరిచాను. పరాయి పిల్ల నా ఇంట్లో ఉంది, ఏం రాస్తోందో తెలుసుకోవడం నా బాధ్యత. ఆదివారం బయటికి పంపనిది పక్క ఊరి కుర్రాళ్ల సంగతి నాకు తెలుసు కాబట్టి. మీకు తెలియదు కాబట్టి కోపం వచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. కేథి ఈసారి నాలుగు వాక్యాలు రాసింది. నాలుగో వాక్యం ఇది: "నా గదిలో కుంపటి లేదు."

మీకో సంగతి చెబుతాను. ఇంతవరకు మా ఆయనకి కూడా పూర్తిగా చెప్పలేదు. నేను ఫ్రెంచివాళ్ల వైపు గడిపిన ఏడాది నాకూ మేడమీద చిన్న గది ఇచ్చారు, కిటికీలోంచి చెట్లు బాగా కనిపించేవి. కుంపటి లేదు. జనవరిలో పొద్దున లేస్తే ముఖం కడుక్కునే కూజాలో నీళ్లు గడ్డకట్టి ఉండేవి, దువ్వెన వెనకవైపుతో పగలగొట్టేదాన్ని. కాలివేళ్లు వాచి బూట్లలో పట్టేవి కావు. ఆ ఇంటావిడ చాలా మర్యాదస్తురాలు, అచ్చం మీలాగే బాగా నవ్వించేది. నేను మా అమ్మకి వారం వారం రాసేదాన్ని. ప్రతి ఉత్తరంలో "నేను బాగున్నాను" అనే రాసేదాన్ని. కాబట్టి నా కూతురు ఆ ముక్క రాస్తే దాని కింద ఏముంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మా ఇంట్లో పడకగదుల్లో కుంపట్లు ఉండవు. కింద హాల్లో గోడకి ఆనించి పెంకులతో కట్టిన పెద్ద కుంపటి ఉంది. దాని మీది గదిలోకి వేడి వస్తుంది, ఇవెట్ అందులోనే ఉండేది. పడుకునేముందు చెర్రీ గింజల సంచి కుంపటి మీద వేడిచేసి కాళ్ల దగ్గర పెట్టుకునేది. నిన్నటి నుంచి దాన్ని ధాన్యం కొట్టు పైన ఉత్తరం వైపు గదికి మార్చాను. సంచి కూడా ఇవ్వడం లేదు. కేథి గది వెచ్చగా ఉందని మీరు ఒక్క ముక్క రాయండి. అది అందిన రోజే మీ అమ్మాయి మళ్లీ వెచ్చని గదిలోకి వస్తుంది. నాకేమీ సరదా కాదిది.

బెర్తా జావుగ్


కోర్నియెల్
1956 డిసెంబరు 13

శ్రీమతి జావుగ్,

ఇది ఇల్లా, కోర్టా? ముప్పై ఏళ్ల కిందట ఎవరో ఎక్కడో మిమ్మల్ని చలిలో పడుకోబెడితే ఆ నేరానికి నేను బోనెక్కాలా?

నా ఇంట్లో ఎవరు ఎక్కడ ఎలా పడుకుంటారో మీకు సంజాయిషీ రాసుకోను. అనుమానం ఉంటే రైలెక్కి వచ్చి కళ్లారా చూసుకోండి. అయినా మీరు రాసింది నేను నమ్మను. నన్ను బెదిరించి సమాధానం రాబట్టాలని రాశారు. రెండేళ్ల పిల్లాడి తల్లి మరో తల్లి బిడ్డని అలా చేయదు.

క్రిస్మస్ శుభాకాంక్షలు. మీ అమ్మాయికి ఉన్ని చేతితొడుగులు కొన్నాను. నేనే కొన్నానని అది రాస్తుందో రాయదో చూద్దాం.

మార్సెలిన్ దుబూ


హింటర్‌మాట్
1957 జనవరి 5

మార్సెలిన్ గారికి,

మా ఆయన టెలిగ్రామ్ ఇవ్వడానికి ఊళ్లోకి వెళ్లాడు. ఈ ఉత్తరం మీ ఇంటికి చేరేసరికి మీరు మా ఇంట్లో ఉంటారు. అయినా రాస్తున్నాను. మీ ముఖం చూస్తూ నేనిది చెప్పలేను. తిరిగి వెళ్లాక చదవండి.

ఇవెట్‌కి న్యుమోనియా. మూడు రోజులుగా జ్వరం. డాక్టరు పెన్సిలిన్ ఇస్తున్నాడు, బతుకుతుందన్నాడు. మొదట "బతుకుతుందనుకుంటాను" అన్నాడు, ఈ పొద్దున "అనుకుంటాను" మానేశాడు. ఇప్పుడు నా మంచం మీద, కుంపటి పక్కన ఉంది.

మీ ఉత్తరంలో ఆ ఒక్క ముక్క లేదు. లేకపోవడమే నాకు సమాధానం అనిపించింది. నా బిడ్డ చలిలో ఉంది, ఈవిడ ఒప్పుకోలేక కోప్పడుతోంది అనుకున్నాను. అందుకని మీ పిల్లని ఆ గదిలోనే ఉంచాను. క్రిస్మస్ తర్వాత చలి విపరీతమైంది, కొట్టు తలుపు గొళ్లెం చేతికి అంటుకునేది. ప్రతి పొద్దునా దిగి వచ్చేది. "ఎలా ఉన్నావు?" అని అడిగేదాన్ని. "బాగున్నాను" అనేది. ఆ మాట అర్థం నాకు తెలుసు. తెలిసే ఉయెలిని దాని చంకకెత్తి పనికి పంపాను. నాకు జరిగింది నా చేతులతో మరో పిల్లకి చేశాను, మార్సెలిన్ గారూ. ఇంతకంటే ఎలా చెప్పాలో తెలియడం లేదు.

జ్వరంలో దానికి మీ భాషా మా భాషా కలిసిపోతున్నాయి. నేను కలం తీయడం చూసి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మకి రాయకండి. అమ్మకి కోపమొస్తే కేథి గది కూడా మార్చేస్తుంది" అంది. ఒక్కసారి స్టేషన్‌లో అయిదు నిమిషాలు చూసుకున్నారు ఆ ఇద్దరూ. అది నెల రోజులు నోరు ఎందుకు మెదపలేదో అప్పుడు తెలిసింది.

కేథి మీ చేతిలో ఉంది. దాన్ని ఏమీ చేయకండని అడిగే హక్కు నాకు లేదు. అయినా అడుగుతున్నాను.

బెర్తా


కోర్నియెల్
1957 జనవరి 27

బెర్తా,

కేథి బాగుంది. డాక్టరుకి చూపించాను, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నాడు. ముందు ఇది రెండుసార్లు చదువుకుని, తర్వాత మిగతాది చదువు. ఇవెట్ ప్రయాణం తట్టుకుంది. దగ్గు ఉంది, తగ్గుతుందట. ఉయెలి ఏం చేస్తున్నాడని పొద్దున లేస్తూనే అడుగుతోంది.

నీ ఇంట్లో పద్నాలుగు రోజులు ఉండి నీతో మాట్లాడలేదు. మందు ఎప్పుడు, నీళ్లు వేడిగా ఉన్నాయా, అంతే. నువ్వు వండింది తిన్నాను, నీ దుప్పటి కప్పుకున్నాను, నీ ముఖం మాత్రం చూడలేదు. చూస్తే ఏమంటానో నాకే భయం వేసింది. ఇప్పుడు నీ ఉత్తరం చదివాను, ఇక నా వంతు.

కేథి గదిలో కుంపటి లేదు. దాని అవసరం లేదు. వంటింటి పొగగొట్టం ఆ గది గోడలోంచే పోతుంది, చెయ్యి పెడితే గోడ పొద్దుటి దాకా వెచ్చగా ఉంటుంది. మా ఇంట్లో అంతకంటే వెచ్చని గది లేదు. నినెట్ మధ్యాహ్నం నిద్రకి అక్కడికే పోతుంది. ఈ సంగతి డిసెంబరులో నీకు రాశాను. రాసి, చదువుకుని, "ఈవిడకి నేనెందుకు లొంగాలి" అనుకుని ఆ కాగితం చింపి ఇంకోటి రాశాను. నువ్వు చదివింది ఆ రెండోది. నా కూతురి ఊపిరి ఆ చింపేసిన కాగితంలో ఉంది. నీది తప్పు కాదనడం లేదు. నాది కూడా ఉంది, అది నువ్వు తెలుసుకోవాలి.

రైల్లో తిరిగి వస్తున్నంతసేపూ ఇవెట్ నా భుజం మీద పడుకుంటే నేను నీ కూతురి గురించి ఆలోచించాను. మంచిగా కాదు. మా మెట్ల కింద ద్రాక్షసారా పీపాలుండే నేలమాళిగ ఉంది, రాతినేల, తడిగోడలు. కేథిని అక్కడ పడుకోబెడతాను, నెల రోజులు చాలు, ఒక్క దుప్పటి ఇస్తాను అని లెక్క వేసుకున్నాను. వాళ్లమ్మకి అప్పుడు తెలుస్తుంది అనుకున్నాను. ఇది పాస్టరుకి కూడా చెప్పుకోలేదు, నీకు చెబుతున్నాను.

ఇంటికి వచ్చేసరికి కేథి గుమ్మంలో నిలబడి ఉంది. ముఖం పాలిపోయి, పెదాలు పగిలి. ఇవెట్‌ని చూసి దాని మూట అందుకుంది. నేను మేడెక్కి దాని గదిలోకి వెళ్లాను. మంచం మీద పరుపు లేదు. పెట్టె సర్దుకుందేమో, పారిపోదామనుకుందేమో అని అనుమానం వచ్చింది. "పరుపేదే?" అని అరిచాను. కేథి, నినెట్ నా వెనకే మేడెక్కి వచ్చారు. నినెట్ చెప్పింది, "కింద పీపాల దగ్గరుందమ్మా. కేథి అక్కడే బజ్జుంటోంది. నన్ను రావద్దంది, చలట."

వెళ్లి చూశాను. రాతినేల మీద పరుపు, ఒక్క దుప్పటి. టెలిగ్రామ్ వచ్చిన రోజు నేను రైలుకి పరిగెడుతూ, "మీ అమ్మ నా కూతుర్ని చలిలో చంపేసిందే!" అని దాని ముఖాన అరిచి వెళ్లాను. ఆ రోజు నుంచీ అక్కడే పడుకుంటోందట. పగలు ఇల్లు చూసుకుంది, నినెట్‌కి నీళ్లు పోసింది, అన్నం పెట్టింది, కథలు చెప్పింది. మా ఆయన్ని అడిగితే, "కింద ఏదో చప్పుడైంది, ఎలకలనుకున్నా" అన్నాడు.

"ఎవరు చెప్పారే నీకు ఇక్కడ పడుకోమని?" అన్నాను.

"ఎవరూ చెప్పలేదండీ" అంది. "మీరొచ్చాక చెబుతారుగా, ముందే అలవాటు చేసుకుందామని."

బెర్తా, నేను ఆ పరుపు మీద కూలబడి ఏడ్చాను. నేను రైల్లో వేసుకున్న లెక్క ఆ పిల్ల నాకంటే ముందే వేసేసుకుంది. ఒక్క దుప్పటితో సహా. మనం ఎలాంటివాళ్లమో దానికి అంత బాగా తెలుసు.

పరుపు నేనే మోసుకుని మేడమీదికి తెచ్చాను. ఇప్పుడు ఆ గదిలో ఇద్దరూ పడుకుంటున్నారు. నేను తలుపు దగ్గరికి వెళ్తే మాటలు ఆపేస్తారు. ఏం మాట్లాడుకుంటారో నాకు చెప్పరు, నేను అడగను.

ఇవెట్ ఇక మీ ఇంటికి రాదు. కేథిని నేను వెనక్కి పంపడం లేదు. పాటల బృందానికి మళ్లీ పంపుతున్నాను. అక్కడ ఈస్టర్‌కి దానికొక పాట ఇచ్చారు, అది పాడేదాకా ఉంటానంది. దాని ఉత్తరం ఈ కవరులోనే పెడుతున్నాను, చదవలేదు. పాట వినాలనిపిస్తే నువ్వు రా. నీ మీద నాకు నమ్మకం కుదరలేదు, ఎప్పటికైనా కుదురుతుందని మాట ఇవ్వను. వస్తే మాత్రం ఉయెలిని తీసుకురా.

ఇంకొకటి. నీ ఇంట్లో ఉండి వచ్చాను కాబట్టి తెలుసు, ఈ ఉత్తరం చదివాక నువ్వేం చేస్తావో. కొట్టు పైన ఆ ఉత్తరం వైపు గదికి పోయి పడుకుంటావు. వద్దు. ఆ గదికి తాళం వేసి, వెళ్లి కుంపటి పక్కన పడుకో.

మార్సెలిన్